సిబ్బందికి పనిమీద మనసు నిలవాలంటే: గోదావరి డెల్టాలో చిన్న సంస్థలు నడిపేవారికి సమగ్ర మార్గదర్శి

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లు, తణుకు, మండపేట వైపు రైస్ మిల్లులు, కడియం నర్సరీలు, రాజమండ్రి బట్టల షాపులు, అమలాపురం ప్రైవేటు స్కూళ్లు, నర్సింగ్ హోములు. పనులు వేరువేరైనా నడిపేవారి నోట ఎక్కువగా వినిపించే మాట ఒకటే: "జీతం పెంచాం, పండక్కి బట్టలు పెట్టాం, అయినా మనసు పెట్టి చేయట్లేదండి."

సిబ్బంది వ్యవహారాలు చూసే పనిలో ఉన్నాను కాబట్టి ఈ మాట చాలాచోట్ల విన్నాను. నాకు తోచేది ఇది. పనిలో చేరిన రోజున ఉత్సాహం లేని మనిషి అరుదు. తెల్లవారకముందే లేచి, వంట చేసి, పిల్లల్ని అత్తగారికి అప్పజెప్పి కంపెనీ బస్సెక్కే ఆడమనిషికి పని చేయాలని లేదని ఎలా అంటాం? ఆ ఇష్టాన్ని రోజూ కొంచెం కొంచెంగా అరగదీసేవి మన ఆవరణలోనే ఉంటాయి. ముందు వాటిని ఆపాలి. ప్రోత్సాహకాల సంగతి ఆ తర్వాత.

అమెరికన్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ పిట్స్‌బర్గ్ ప్రాంతపు ఇంజనీర్లతో, అకౌంటెంట్లతో మాట్లాడి 1959లో ఇలాంటిదే చెప్పాడు. జీతం, పై అధికారి తీరు, పనిచేసే చోటు సరిగా లేకపోతే మనిషికి అసంతృప్తి. అవి సరిగా ఉంటే ఆ అసంతృప్తి పోతుందే తప్ప, అంతమాత్రాన ఉత్సాహం పుట్టదు. ఉత్సాహం పుట్టేది పనిలోంచి, సాధించామన్న తృప్తిలోంచి, గుర్తింపులోంచి. ఆ సిద్ధాంతంమీద తర్వాత విమర్శలు వచ్చాయి గానీ, ఏది ముందు, ఏది వెనక అని తేల్చుకోవడానికి ఇప్పటికీ పనికొస్తుంది. కింది అడుగులు ఆ వరసలోనే ఉన్నాయి.

మొదటి అడుగు: "పర్లేదండి" అనే జవాబు దాటి తెలుసుకోండి

మన ప్రాంతంలో "ఏమైనా ఇబ్బందా అమ్మా?" అని యజమాని అడిగితే "ఏం లేదండి, పర్లేదండి" అనే జవాబే వస్తుంది. మర్యాద కొంత, భయం కొంత. కాబట్టి ఆ ప్రశ్న వద్దు. ముందు రిజిస్టర్ తెరవండి. గత ఏడాదిలో ఎవరు మానేశారు, ఏ సూపర్‌వైజర్ కింద మానేశారు, సెలవులు ఏ వారాల్లో ఎక్కువ పడుతున్నాయి, చేరిన మూడు నెలల్లోపే వెళ్లిపోయినవారు ఎంతమంది అని చూడండి. ఒకే షిఫ్ట్‌లోనో, ఒకే మనిషి కిందో ఎక్కువమంది మానేస్తుంటే, సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది.

తర్వాత మనుషులతో మాట్లాడండి. సూపర్‌వైజర్ దగ్గరుండగా అడగొద్దు. ఆడవాళ్లతో మరో ఆడమనిషి మాట్లాడితే మంచిది. ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి వచ్చినవారు ఉంటే వాళ్ల భాష తెలిసినవారిని కూర్చోబెట్టండి, కానీ వాళ్లని పనిలోకి తెచ్చిన కాంట్రాక్టర్‌ని మాత్రం కాదు. ప్రశ్న చిన్నదిగా, సూటిగా ఉండాలి: "నిన్నటి షిఫ్ట్‌లో మిమ్మల్ని బాగా విసిగించింది ఏంటి?" "ఇక్కడ ఒక్క సంగతి మార్చే వీలుంటే ఏది మారుస్తారు?" ఇలా అడిగితే జీతం గురించే చెబుతారని యజమానులు అనుకుంటారు. జీతం మాట వస్తుంది, నిజమే. దాంతోపాటు బాత్రూమ్ తలుపుకి గడియ లేదని, తడిసిన బూట్లే మర్నాడు వేసుకోవాల్సి వస్తోందని, బస్సు దిగాక చీకట్లో నడవాలని కూడా వస్తాయి. ఇవి ఖర్చు తక్కువ పనులు. విన్న వారంలోనే వీటిలో రెండుమూడు చేసి చూపించండి. అడిగి ఊరుకుంటే, అడగకపోవడంకంటే నష్టం. రెండోసారి ఎవరూ నోరు విప్పరు.

రెండో అడుగు: డబ్బు లెక్క కళ్లముందు ఉండాలి

జీతం ఎంత అన్నది మీ లాభనష్టాలమీద ఆధారపడుతుంది. ఎప్పుడు, ఏ లెక్కన అన్నది పూర్తిగా మీ చేతిలోనే ఉంది. నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోపు ఇవ్వాలన్నది చిన్న సంస్థలకు చట్టం పెట్టిన గడువు. దాన్ని చట్టం కోసం కాక మనుషుల కోసం పాటించండి. డ్వాక్రా గ్రూపు వాయిదా, చిట్టీ పాట, పిల్లల ఫీజు, అన్నీ ఒక తేదీ చుట్టూ అల్లుకుని ఉంటాయి. జీతం నాలుగు రోజులు ఆలస్యమైతే ఆ నాలుగు రోజులూ ఆ మనిషి బుర్రలో పని ఉండదు, వడ్డీ ఉంటుంది.

పీసు రేటు, కిలో రేటు ఉన్నచోట ఇంకా జాగ్రత్త అవసరం. రొయ్యలు ఒలిచే హాల్లో ఒక్కసారి నిలబడి చూడండి. స్టీలు బల్ల, ఐసు నీళ్లు, తడి గ్లౌజులు. అక్కడ పనిచేసే ఆడమనిషి గంటలకొద్దీ నిలబడి ఒలిచిన రొయ్యని బేసిన్‌లో పట్టుకెళ్లి కాటామీద పెడుతుంది. కాటా ముఖం రాసుకునే గుమస్తా వైపు ఉంటుంది. నీళ్లు వడిసిపోయేదాకా ఆగాలని, తరుగు తీయాలని ఆయన ఒక అంకె వేస్తాడు. ఆమెకి కనిపించేది ఆయన పెన్ను కదలడమే. ఆ గుమస్తా ఎంత నిజాయితీపరుడైనా సరే, రోజుకి పదిసార్లు అనుమానంతో వెనక్కి వెళ్లే మనిషికి ఆ సంస్థమీద నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది?

కాటా అంకెలు ఇద్దరికీ కనిపించేలా పెట్టండి. తరుగు ఎంతో, ఎందుకో గోడమీద పెద్ద అక్షరాలతో తెలుగులో, అవసరమైతే ఒడియాలో, హిందీలో రాయించండి. ప్రతి తూకానికీ ఆమె కార్డుమీద కూడా అంకె పడాలి. వారం చివర ఆమె లెక్క, మీ లెక్క సరిపోవాలి. ఇది ఒక్క పూట పని. నా ఉద్దేశంలో ఏ బహుమతి పథకంకన్నా దీనివల్లే మనశ్శాంతి ఎక్కువ. పడిన కష్టానికీ దక్కిన ఫలితానికీ పొంతన లేదనిపించడం ఆరోగ్యాన్నే దెబ్బతీస్తుందని జర్మన్ పరిశోధకుడు యోహానెస్ సీగ్రిస్ట్ 1996లో ప్రతిపాదించాడు. గుండెజబ్బులతో దానికున్న సంబంధాన్ని చూసినవాడాయన.

అడ్వాన్సుల గురించి ఒక మాట. పెళ్లికో, ఆసుపత్రికో అడ్వాన్సు ఇవ్వడం మన దగ్గర మామూలే, మంచిదే. ఎంత ఇచ్చారు, నెలకెంత కోస్తారు, ఇంకెంత ఉంది అన్నది ఇద్దరి పుస్తకాల్లోనూ ఉండాలి. బాకీ ఉందని మనిషిని కదలకుండా పట్టి ఉంచడం మాత్రం వెట్టిచాకిరీ కిందికి వస్తుంది. 1976 చట్టం దాన్ని నేరం చేసింది. బాకీ భయంతో ఆగినవారు పని నుంచి వెళ్లరు, కానీ పనిలో ఉండరు కూడా.

మూడో అడుగు: వేళలు, సీజన్లు ముందే తెలియాలి

డెల్టాలో పని ఎప్పుడూ ఒకేలా ఉండదు. సార్వా కోతల తర్వాత, దాళ్వా కోతల తర్వాత మిల్లులకు ఊపిరాడదు. చెరువు పట్టుబడి ఎప్పుడైతే అప్పుడు రొయ్య లారీ వస్తుంది, రాత్రి రెండైనా సరే. షాపులకు పెళ్లిళ్ల సీజను, స్కూళ్లకు జూన్. ఒత్తిడి పెరిగే రోజులు ఉంటాయని పనివాళ్లకీ తెలుసు. వాళ్లని కుంగదీసేది ఒత్తిడితోపాటు తమ చేతిలో ఏమీ లేకపోవడం. స్వీడన్, అమెరికా కార్మికుల సమాచారంతో రాబర్ట్ కారసెక్ 1979లో చూపించింది అదే: పని భారం ఎక్కువై, దానిమీద తమకి పట్టు తక్కువైన ఉద్యోగాల్లోనే మానసిక అలసట ఎక్కువ.

కాబట్టి భారం తగ్గించలేని రోజుల్లో పట్టు పెంచండి. వారం ముందే షిఫ్ట్ చార్టు పెట్టండి. ఇద్దరు మనుషులు ఒప్పుకుని షిఫ్ట్ మార్చుకుంటామంటే సూపర్‌వైజర్ అడ్డు చెప్పకూడదు. హఠాత్తుగా ఓటీ (ఓవర్‌టైమ్) కావాల్సి వస్తే ఇష్టపడేవారి జాబితా ముందే రాసి ఉంచుకుని వాళ్లని పిలవండి. పాలిచ్చే తల్లిని గేటు దగ్గర ఆపి "ఈ పూట ఉండిపోవాలి" అనడం ఏ అవసరానికీ సరికాదు. ఉండిపోయినవారికి భోజనం, ఇంటిదాకా బండి, ఆ రోజు లెక్కలోనే ఓటీ డబ్బు. నైట్ షిఫ్ట్ మార్చేటప్పుడు ఉదయం నుంచి మధ్యాహ్నానికి, మధ్యాహ్నం నుంచి రాత్రికి జరపండి. వెనక్కి జరిపితే నిద్ర కుదరడం కష్టం.

సంక్రాంతి సెలవుల గొడవ ప్రతి ఏడాదీ వస్తుంది, ప్రతి ఏడాదీ కొత్తగా వచ్చినట్టే చూస్తాం. డిసెంబరు మొదటి వారంలోనే కూర్చుని ఎవరు భోగి నుంచి కనుమ దాకా వెళ్తారు, ఎవరు ముక్కనుమ తర్వాత వెళ్తారు అని రాసుకోండి. ఈ ఏడాది ఆగినవారికి వచ్చే ఏడాది మొదటి వంతు.

వరదల సంగతి కోనసీమలో మరీ ముఖ్యం. జూలై నుంచి సెప్టెంబరు మధ్య గోదావరి పొంగితే కాజ్‌వేలు మునిగి లంక ఊళ్లకి దారి ఉండదు, పడవే గతి. ధవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరిక ఎగరేశాక లంకల నుంచి వచ్చేవారిని గైర్హాజరు కింద రాయబోమని ముందే కాగితంమీద పెట్టండి. ఇల్లు నీళ్లలో ఉన్న మనిషికి ఉద్యోగం పోదన్న ధైర్యం ఉండాలి.

నాలుగో అడుగు: నోరు

ఈ అడుగు అన్నిటికన్నా కష్టం. దీనికి డబ్బు అక్కర్లేదు, కానీ అలవాటు మారాలి.

గోదావరి జిల్లాల్లో "అండి" లేకుండా మాట ముగియదని అందరూ మెచ్చుకుంటారు. పనిచేసే చోట ఆ "అండి" కింది నుంచి పైకి మాత్రమే వెళ్లడం చూస్తాం. యాభై ఏళ్ల మిల్లు డ్రైవర్‌ని, అంటే మిషన్ నడిపే మనిషిని, పాతికేళ్ల సూపర్‌వైజర్ "ఏరా" అంటాడు. ఆయన ఏమీ అనడు. ఆ రోజు నుంచి మిషన్‌లో కొత్త శబ్దం వినిపించినా చెప్పడు. అడిగితేనే చెబుతాడు. మీకు నష్టం అక్కడ మొదలవుతుంది.

మందలించొద్దని కాదు. పద్ధతి ఉండాలి. సూపర్‌వైజర్లతో కూర్చుని ఈ నాలుగూ ఒప్పించండి. పదిమంది ముందు కాకుండా పక్కకి పిలిచి చెప్పాలి. అదే రోజు చెప్పాలి, నెలనాటి లెక్కలు తవ్వకూడదు. జరిగిన పని గురించే మాట్లాడాలి, మనిషి కులం, ఊరు, పెంపకం, ఒళ్లు జోలికి పోకూడదు. చివర ఏం చేయాలో చెప్పి పంపాలి. "నీకెప్పుడు వస్తుంది బుద్ధి" అన్నదానికీ, "సత్యవతిగారూ, ఈ ట్రేలో రెండు సైజులు కలిసిపోయాయి. పెద్దవి పక్కకి తీసి ఇంకోసారి చూపించండి" అన్నదానికీ మధ్య తేడా అర క్షణమే. రెండో మాట విన్న మనిషి ట్రే చూస్తుంది. మొదటి మాట విన్న మనిషి రాత్రంతా ఆ మాటనే తలుచుకుంటుంది.

హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రి బృందాలను పరిశీలించినప్పుడు, కలిసికట్టుగా పనిచేసే బృందాల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదైనట్టు కనిపించింది. వాళ్లు ఎక్కువ తప్పులు చేసి కాదు, దాచకుండా చెప్పుకున్నందువల్ల అలా కనిపించిందని ఆమె తేల్చింది. తిట్టరు, చులకన చేయరు అన్న ఆ నమ్మకాన్నే 1999లో ఆమె మానసిక భద్రతగా వివరించింది. మన దగ్గర ఇది ప్రాణాల విషయం. చాలా కోల్డ్ స్టోరేజీల్లో, ఫ్రీజింగ్ ప్లాంట్లలో చల్లదనం కోసం వాడేది అమ్మోనియా. ఎక్కడో కొద్దిగా వాసన వస్తోందని ముందు పసిగట్టేది అక్కడ నిలబడి పనిచేసేవారే. "ఉత్తినే పని ఆపావు" అని ఒకసారి తిట్టు తిన్న మనిషి రెండోసారి చెప్పడానికి తటపటాయిస్తాడు. తప్పుడు హెచ్చరిక అయినా సరే, చెప్పినవారికి అందరి ముందూ థాంక్స్ చెప్పండి.

ఆడవాళ్లమీద వేధింపుల విషయంలో మర్యాద మాటలు సరిపోవు. పదిమంది, ఆపైన పనిచేసే ప్రతిచోటా 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి, దానికి ఒక సీనియర్ మహిళ అధ్యక్షురాలిగా, బయటి సభ్యులు ఒకరు ఉండాలి. పదిమందికన్నా తక్కువుంటే జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. పేర్లు, ఫోన్ నంబర్లు ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదిలో అంటించండి, ఆఫీసు గదిలో కాదు.

ఐదో అడుగు: పనిలోంచి ఉత్సాహం పుట్టించడం

పై నాలుగూ కుదిరాక ఇక్కడికి రండి. ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు దశాబ్దాలపాటు చేసిన పని సారం ఏంటంటే, మనిషికి లోపలినుంచి ఉత్సాహం రావాలంటే మూడు కావాలి: తన పనిమీద తనకి కొంత అధికారం, పని బాగా వచ్చునన్న ధీమా, నావాళ్లు అనుకోదగ్గ మనుషులు.

మొదటిదానికి మన కళ్లముందున్న మంచి ఉదాహరణ మిల్లుల దగ్గరి హమాలీల ముఠా. బస్తాల ఎగుమతి, దిగుమతి ముఠాకి అప్పజెప్పాక ఎవరు ఎత్తాలి, ఎవరు మొయ్యాలి, ఎప్పుడు టీ తాగాలి అన్నది వాళ్లే చూసుకుంటారు. కూలి వాళ్లలో వాళ్లు పంచుకుంటారు. వెనక నిలబడి అదిలించే మనిషి అక్కర్లేదు. అదే పద్ధతి లోపలి పనులకీ తీసుకురావచ్చు. ప్యాకింగ్ బల్లని ఆరుగురికి అప్పగించి, "సాయంత్రానికి ఇంత కావాలి, వరస మీరే చూసుకోండి" అనండి. మొదటి వారం కొంచెం తడబడతారు. తొందరపడి వెనక్కి తీసుకోకండి.

పనితనం విషయంలో మెట్లు ఉండాలి. కడియం నర్సరీలో మొక్కలకి నీళ్లు పట్టే కుర్రాడికి అంటు కట్టడం ఎప్పుడు నేర్పుతారో, నేర్చుకుంటే కూలి ఎంత పెరుగుతుందో తెలిసి ఉండాలి. స్కూలు టీచర్‌కి కావాల్సింది పదో తరగతి ఫలితాల రోజు చప్పట్లకన్నా, తన క్లాసుని తను తీర్చిదిద్దుకునే స్వేచ్ఛ. మెచ్చుకునేటప్పుడు "బాగా చేస్తున్నారు" అని ఊరుకోకండి, ఏది బాగుందో చెప్పండి: "నిన్న కస్టమర్ మూడు చీరలు వెనక్కి తెచ్చినా విసుక్కోకుండా మార్చి ఇచ్చారు, నేను చూశాను." ఈ నెల ఉత్తమ ఉద్యోగి అని ఫొటో పెట్టడం నాకు నచ్చదు. జట్టుగా చేసే పనిలో ఒకరి ఫొటో మిగతావారి మధ్య చిచ్చు పెడుతుంది. బహుమతి ఇవ్వాలనుకుంటే జట్టంతటికీ ఇవ్వండి.

మూడోది, నావాళ్లు అన్న భావన, మీరు సృష్టించాల్సింది కాదు. కలిసి అన్నం తినడానికి శుభ్రమైన చోటు, ఫ్యాను, కూర్చోడానికి బల్లలు, అరగంట నికరమైన సమయం ఇవ్వండి. క్యారేజీలు విప్పి కూరలు పంచుకోవడం వాళ్లకి మీరు నేర్పక్కర్లేదు.

ఆరో అడుగు: ఎవరైనా కుంగిపోతుంటే

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణలో బర్న్అవుట్‌ని జబ్బుగా కాకుండా, పనికి సంబంధించిన స్థితిగా వివరించింది. చాలాకాలం తీరని పని ఒత్తిడివల్ల వచ్చే అలసట, పనిమీద విముఖత, చేయలేకపోతున్నానన్న భావన దాని లక్షణాలు. దీనికి మందు పని పద్ధతిలోనే ఉంది. డిప్రెషన్, ఆందోళన, తాగుడు వేరు. వాటికి వైద్యం కావాలి. ఏది ఏదో తేల్చడం మీ పని కాదు, డాక్టర్ పని. మార్పుని గమనించడం మాత్రం మీ పనే: ఎప్పుడూ కబుర్లు చెప్పే మనిషి పదిపదిహేను రోజులుగా మాట్లాడకపోవడం, అన్నం ముట్టకపోవడం, చేయి తిరిగిన పనిలో తప్పులు, సోమవారాల గైర్హాజరు, ఊరికే కన్నీళ్లు.

మన దగ్గర కారణం తరచుగా ఫ్యాక్టరీ గేటు బయటే ఉంటుంది. కౌలుకి చేసిన చేను మునిగి ఉండొచ్చు, వైరస్‌కి చెరువు పోయి ఉండొచ్చు, భార్య కువైట్‌లో ఉండి ఇంట్లో చిన్నపిల్లలు ఉండొచ్చు. అది మన బాధ్యత కాదని తోసేయకండి. పక్కకి తీసుకెళ్లి కూర్చోబెట్టి ఇలా మొదలుపెట్టండి: "రెండు వారాలుగా మీరు మీలా లేరనిపిస్తోందండి. పని గురించి కాదు, మీ గురించి అడుగుతున్నా." తర్వాత ఊరుకోండి. సలహాలు, "అందరికీ ఉంటాయి కష్టాలు" అనే మాటలు వద్దు. విన్నాక ఒక్క సాయం ఖాయం చేయండి: రెండు రోజుల సెలవో, షిఫ్ట్ మార్పో, ఆసుపత్రికి తోడో.

14416. ఇది టెలీ మానస్ ఉచిత నంబరు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. హాజరు వేసే చోట పెద్దగా రాయించండి. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఈఎస్ఐ కార్డు ఉన్నవారికి ఎలా వాడుకోవాలో మీ గుమస్తా చేతే చెప్పించండి.

చావు మాట ఎత్తితే తేలిగ్గా తీసుకోకండి. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని నేరుగా అడగొచ్చు. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు, చెప్పుకునే దారి దొరుకుతుంది. ఒంటరిగా ఇంటికి పంపొద్దు, ఇంట్లోవారిని పిలవండి, పురుగుమందుల డబ్బాలు అందకుండా తీయించండి, ప్రమాదం కనిపిస్తే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. కేసు భయంతో ఆసుపత్రికి ఆలస్యం చేయొద్దు.

మీకు చెప్పుకున్నది మీ దగ్గరే ఆగాలి. టీ కొట్టు దాకా వెళ్లిందంటే ఇక ఆ సంస్థలో ఎవరూ ఎవరికీ చెప్పుకోరు.

ఏడో అడుగు: చెడు కబురు ముందు మీ నోటే వినాలి

2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు రొయ్యల యూనిట్లలో పుకార్లు పనికన్నా వేగంగా నడిచాయి. పని దినాలు తగ్గుతాయా, మూసేస్తారా అన్నది తెలియక మనుషులు నలిగిపోయారు. అలాంటప్పుడు మీకు తెలిసినంత చెప్పండి: ఏ ఆర్డర్లు ఉన్నాయి, ఎన్ని రోజులకి పని ఖాయం, తర్వాతి మాట ఏ తేదీన చెబుతారు. ఆ తేదీన చెప్పడానికి కొత్త సంగతి లేకపోయినా సరే, వచ్చి నిలబడి అదే చెప్పండి. పని తగ్గించక తప్పకపోతే కొందరిని పూర్తిగా మానిపించేబదులు అందరికీ రోజులు పంచే వీలుందేమో వాళ్లనే అడగండి.

ఎక్కడినుంచి మొదలుపెట్టాలి అంటే

అన్నీ ఒకేసారి వద్దు. మొదటి నెలలో కాటా, జీతం తేదీ, బాత్రూమ్, మంచినీళ్లు. రెండో నెలలో షిఫ్ట్ చార్టు, సూపర్‌వైజర్లతో మాటతీరు గురించి రెండు మూడుసార్లు కూర్చోవడం. వాళ్లని దోషుల్లా నిలబెట్టకండి, పైనుంచి మీరూ కిందినుంచి పనివాళ్లూ నొక్కే మధ్యలో ఉండేది వాళ్లే. మూడో నెల నుంచి జట్లకి బాధ్యత అప్పగించడం.

ఫలితం కోసం పెద్ద సర్వేలు అక్కర్లేదు. మానేసినవారి సంఖ్య, చెప్పకుండా వేసుకున్న సెలవులు, నెలలో పనివాళ్లు తామంతట తాము చెప్పిన సమస్యల సంఖ్య, ఈ మూడూ ఒక పుస్తకంలో రాసుకోండి. మొదటి రెండూ తగ్గాలి. మూడోది మొదట్లో పెరగాలి. సమస్యలు ఎక్కువయ్యాయని కంగారుపడకండి, ఇన్నాళ్లూ మీదాకా రానివి ఇప్పుడు వస్తున్నాయి. మూడు నెలలైనా అది సున్నా దగ్గరే ఉంటే నాలుగో అడుగుకి వెనక్కి వెళ్లండి. ఒక్కో సూపర్‌వైజర్ కింద పనిచేసే వారితో మళ్లీ విడివిడిగా మాట్లాడండి.